సైకిలు నేర్చిన నాళ్ళు

మనుష్యుడు తాను నేర్చిన విద్యలలో పెక్కింటిని ఎప్పుడు నేర్చెనో, ఎట్లు నేర్చెనో చెప్పలేడు. నడక ఎన్నడు వచ్చినదో మనకు జ్ఞాపకము లేదు. మాట ఎన్నడు వచ్చినదో తల్లి చెప్పవలసినదే. అక్షరములు దిద్దిన పలక ఎన్నడో పగిలిపోయినది. ఎక్కములు చెప్పించిన పంతులుగారి ముఖము మసకబారినది. కాని సైకిలు తొక్క నేర్చిన దినమును మఱచిపోయినవాడు నాకు ఇంతవఱకు కనబడలేదు. ఆ దినమునకు సాక్ష్యము మోకాలిమీద నిలిచియుండుటయే అందులకు కారణము కావచ్చును. వినుచున్న వారిలో సైకిలు నేర్చినవారు ఒక్కమాఱు తమ మోకాలిని తడవి చూచుకొందురు గాక! నా మచ్చ ఎడమ మోకాలిమీద ఉన్నది. చింతగింజయంత ఉండును. దానిని నేను 1976 వ సంవత్సరపు వేసవి సెలవులలో, హైదరాబాదునకు తూర్పుననున్న దిల్‌సుఖ్‌నగరులో సంపాదించితిని. అప్పటికి నాకు పదియేండ్లు.

దిల్‌సుఖ్‌నగరన్నంతనే ఈనాటి వారికి శిక్షణాలయముల బోర్డులు, బట్టల దుకాణములు, తలపైన మెట్రో రైలు, క్రింద కదలీ కదలని బండ్ల వరుస కన్నులకు కట్టును. ఆ పేరు ఒక జాగీర్దారు పేరునుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. బాల్యమున మాకు ఆ జాగీర్దారు సంగతి తెలియదు. దిల్ అనగా మనస్సు, సుఖ్ అనగా సుఖము; కావున మనస్సునకు సుఖమైన చోటని అర్థము చేసికొంటిమి. ఆనాడు ఆ అర్థము కొంతవఱకు సరిపోయెడిది కూడ. మలక్‌పేట దాటినంతనే ఊరు పలుచబడుచుండెను. విజయవాడకు పోవు రాజమార్గమొక్కటి ఊరి నడుమనుండి సాగి, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా, విక్టోరియా స్మారక అనాథాశ్రమము ప్రక్కనుండి ఎల్.బి. నగరు కూడలికి చేరెడిది. అది సుమారు 4 కిలోమీటర్ల దూరము. లాల్ బహదూరు శాస్త్రిగారి పేర వెలసిన ఆ నగరము మా కన్నులకు అప్పటికింకను నగరమువలె కనబడెడిది కాదు. దారులు కలియు ఒక కూడలి, లారీలవారు ఆగి టీ త్రాగు రెండు మూడు పాకలు, వాని వెనుక బీడు, అంతే. కొత్తపేటకు ఆవల ద్రాక్షతోటలుండెడివి. దక్షిణమున సరూర్‌నగరు చెఱువు. ఆ చెఱువుకును ఇండ్లకును నడుమ ఎవరిదో తెలియని ఖాళీ నేల చాల ఉండెను. ఈ ఖాళీ నేలను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను. నా ప్రసంగమంతయు దానిమీదనే ఆధారపడియున్నది.

మా వీధి చివర వేపచెట్టు క్రింద ఒక రేకుల కొట్టము ఉండెను. అది కిరాయి సైకిళ్ళ దుకాణము. దానికి బోర్డు లేదు. యజమానికి మాకు తెలిసిన పేరును లేదు. ఊరంతయు ఆయనను చాచా యని పిలిచెడిది. ఆయన యొద్ద తొమ్మిది సైకిళ్ళుండెను. అందు ఆరు పెద్దవి, మూడు పిల్లలవి. ప్రతిదాని వెనుక మడ్‌గార్డుమీద తెల్లరంగుతో అంకె వేసియుండెను. మలక్‌పేట గుఱ్ఱపు పందెముల మైదానము మాకు దగ్గఱ. ఉదయమున కసరత్తునకు తెచ్చిన గుఱ్ఱములను గోడసందులనుండి చూచివచ్చిన మేము, ఈ తొమ్మిది సైకిళ్ళకును గుఱ్ఱముల పేళ్ళు పెట్టుకొంటిమి. మూడవ అంకె సైకిలునకు బ్రేకులు లేవు కావున అది అందఱికన్న వేగము కలదని ప్రసిద్ధి కెక్కెను.

కిరాయి గంటకు 40 పైసలు, అరగంటకు 20. సైకిలు తీసికొన్న వేళను, తిరిగి తెచ్చిన వేళను చాచా ఒక నోటు పుస్తకములో వ్రాసికొనెడివాడు. కొట్టములోని గోడ గడియారము లోకమంతటికన్న పది నిమిషములు ముందుండెను. ఇది అన్యాయమని మేము మొఱపెట్టుకొంటిమి. తీసికొనునప్పుడును, ఇచ్చునప్పుడును చూచునది అదే గడియారము గదా, ఇందులో అన్యాయమేమున్నదని ఆయన వాదన. ఆ వాదనలోని న్యాయమును మాలో గ్రహించినది మా అక్క యొక్కతెయే. ఆమె నాకన్న మూడేండ్లు పెద్దది. లెక్కలలో మా వీధికంతటికి మేటి.

చాచా కొట్టము మాకు బడికన్న మంచి బడి. పంక్చరు వేయుటను చూచుచు గంటలు గడిపెడివారము. టైరు పెదవిని చట్రమునుండి ఒలిచి, లోపలి ట్యూబును పాము కుబుసమువలె లాగి, గాలికొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచెడివాడు. ఎక్కడ బుడగలు పైకి వచ్చునో అక్కడనే రంధ్రము. అచ్చట చెమ్మ తుడిచి, ఆకురాతితో రుద్ది, జిగురు పూసి, అది సగమారిన పిమ్మట పాత ట్యూబునుండి కత్తిరించిన ముక్కను అంటించి, సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టెడివాడు. తడిమీద అంటింపరాదు, పచ్చి జిగురుమీద అంటింపరాదు, తొందరపడరాదు. చక్రము వంకర తిరిగినచో దానిని తలక్రిందుగా నిలిపిన సైకిలులో గిరగిర త్రిప్పి, సుద్దముక్కను దగ్గఱగా పట్టి, సుద్ద తగిలిన చోట ఊచను ఒక ప్రక్క బిగించి, ఒక ప్రక్క వదులు చేసెడివాడు. చక్రములోని ప్రతి ఊచయు అంచును తనవైపు లాగుచుండును. అన్నియు సమముగా లాగినప్పుడే చక్రము గుండ్రముగా నిలుచును. ఈ సత్యమును ఆయన ఎవరికిని ఉపదేశింపలేదు. మేమే చూచి నేర్చుకొంటిమి.

సైకిలు నేర్పుటకు మాత్రము ఆయనకు తీరిక లేదు. ఆ పని మా అక్క పాలబడెను. నాయన ఉదయము ఎనిమిదింటికి సైకిలెక్కి మలక్‌పేట, చాదర్‌ఘాటు, కోఠి మీదుగా నాంపల్లిలోని కచేరికి పోయి, చీకటి పడిన పిమ్మట వచ్చెడివాడు. అమ్మకు ఇంటిపని. కావున తెల్లవారుజామున నన్ను లేపి, తన జేబుడబ్బులోనుండి 20 పైసలు తీసి, చెఱువువైపున నున్న ఆ ఖాళీ నేలకు నన్ను తోడ్కొనిపోయినది అక్క. వింత యేమనగా, ఆమె ఎన్నడును సైకిలు ఎక్కియెఱుగదు. చూచినదానిని బట్టియే నేర్పెను.

చిన్న సైకిళ్ళకు పోటీ అధికము. అవి దొరకని దినమున పెద్ద సైకిలు మీదనే నేర్వవలెను. పదియేండ్లవానికి పెద్ద సైకిలుమీద కూర్చున్నచో పెడళ్ళు అందవు. దానికి మా పేటలో ఒక ఉపాయముండెను. దానిని కైంచీ యనెడివారు. కైంచీ అనగా కత్తెర. కుడికాలిని అడ్డకడ్డీ క్రిందినుండి, చట్రపు త్రికోణములోనుండి దూర్చి అవతలి పెడలుమీద ఉంచవలెను. ఎడమచేత హ్యాండిలు, కుడిచంక క్రింద కడ్డీ. శరీరమంతయు సైకిలునకు ఎడమప్రక్క వ్రేలాడుచుండును. మొదట పెడలును సగము త్రొక్కి, తిరిగి వెనుకకు లాగవలెను. పూర్తిగా త్రిప్పగల దినము రెండవ తరగతి ప్యాసయిన దినము. ఆ పిమ్మట కడ్డీమీదికి, ఆ పిమ్మట ఎన్నడో సీటుమీదికి. ఆనాడు పెద్దల సైకిలుతో కుస్తీపట్టిన ప్రతి బాలుడును ఈ మూడు మెట్లును ఎక్కినవాడే.

నేను ఎన్నిమాఱులు పడితినో లెక్కలేదు. ఆ నేల మెత్తనిది కాదు. గరుసు ఇసుక, పల్లేరుగాయలు. కాని అందు బండ్లు లేవు, గోడలు లేవు, చూచి నవ్వు పెద్దలు లేరు. పడితిని, లేచితిని. అక్క ప్రతిమాఱును ఒకటే చెప్పుచుండెను.

“ఎటు పడుతున్నవో అటే తిప్పు తమ్మీ. అటుపక్క తిప్పినవా, పడుతవు.”

భయపడినవాడు ఎడమకు ఒఱగునప్పుడు హ్యాండిలును కుడికి త్రిప్పును. అందువలననే పడును. పడుచున్న వైపునకే త్రిప్పినచో చక్రములు ఒఱగిన శరీరము క్రిందికి వచ్చి చేరి దానిని నిలబెట్టును. పదుమూడేండ్ల బాలిక కంటితో చూచి పట్టుకొన్న ఈ రహస్యమును గుఱించి పండితులు నూఱేండ్లకు పైగా తర్కించుచు వచ్చిరి. చక్రముల గిరగిర తిరుగుటలోని బలము చేతనే సైకిలు నిలుచునని చిరకాలము చెప్పుచుండిరి. 2011 లో హాలండు, అమెరికా దేశముల పరిశోధకులు కొందఱు ఆ బలమును లేకుండజేసిన ఒక విచిత్రపు రెండు చక్రముల బండిని కట్టి, త్రోసి విడిచినచో అదియు పడక సాగిపోవుటను చూపిరి. ఒఱగిన వైపునకు తనంతట తాను తిరుగు గుణమే ముఖ్యమైనదని వారి పరిశోధనవలన తేటపడినది. ఆ వార్త చదివి నేను అక్కకు ఫోను చేసితిని. “దానికి అంత చదువు కావాల్నా?” అని ఆమె నవ్వినది.

సైకిలు పుట్టుపూర్వోత్తరములను గూర్చి రెండు మాటలు చెప్పి మరల నా కథకు వత్తును. 1817 లో జర్మనీ దేశపు మన్‌హైము పట్టణమున ద్రాయిసు అను ఆయన కొయ్యతో రెండు చక్రముల వాహనమును చేసెను. దానికి పెడళ్ళు లేవు. మీద కూర్చుండి, పాదములతో నేలను తన్నుచు పోవలెను. పెడళ్ళు వచ్చుటకు మఱి నలుబదియేండ్లకు పైగా పట్టెను. 1885 లో ఇంగ్లాండులోని కోవెంట్రీలో స్టార్లీ అనువాడు రెండు చక్రములను ఇంచుమించు సమముగా చేసి, గొలుసుతో వెనుక చక్రమును త్రిప్పు సైకిలును తెచ్చెను. మనము నేడెఱిగిన రూపమదియే. 1888 లో బెల్‌ఫాస్టులోని డన్‌లప్ అను పశువైద్యుడు గాలి టైరునకు హక్కుపత్రము పొందెను. ఆయన దానిని మొదట అమర్చినది తన చిన్నకుమారుని మూడు చక్రముల బండికి. బిడ్డ నడుము అదరకుండుటకు తండ్రి చేసిన యత్నము నేడు లోకమునంతయు మోయుచున్నది.

నేను నేర్చిన దినము వచ్చినది. అక్క వెనుక క్యారియరును పట్టి పరుగెత్తుచున్నది. నేను “విడువకు, విడువకు” అని అరచుచున్నాను. “పట్టుకునే ఉన్న, నువ్వు ముందుకు చూడు” అని ఆమె గొంతు వెనుకనుండి వినవచ్చుచున్నది. కొంతసేపటికి ఆ గొంతు దూరమయినట్లు తోచెను. వెనుదిరిగి చూచితిని. ఆమె చాల దూరమున, నడుముమీద చేతులుంచుకొని, ఆయాసపడుచు నిలుచుండి నవ్వుచున్నది. చూచిన మఱుక్షణమే నేను పడితిని. ఈ మచ్చ అప్పటిదే. కాని చూచుటకు ముందు నేను ఒంటరిగా ఎంత దూరము పోయితినో ఆ దూరమును మా అక్క అడుగులతో కొలిచెను. డెబ్బది రెండడుగులు.

నేర్చుట వేఱు, ప్రేమించుట వేఱు. ప్రేమ ఆ సంవత్సరపు వర్షకాలమున కలిగినది. ఒక ఆదివారము మధ్యాహ్నము నాయన నిద్రించుచుండగా ఆయన సైకిలును చప్పుడు చేయక వెలుపలికి తీసికొనివచ్చితిని. అది మదరాసు దగ్గఱ అంబత్తూరులో తయారయిన నల్లని హెర్క్యులీసు. నాయనకు దానిపై ఎంత గౌరవమనగా, ఇంటికి రాగానే మొదట దానిని తుడిచి, పిమ్మట తాను కాళ్ళు కడుగుకొనెడివాడు. నేను దానిని కడ్డీమీదినుండి త్రొక్కుచు రాజమార్గమెక్కితిని. కొత్తపేట దాటితిని. అనాథాశ్రమపు చెట్ల నీడ దాటితిని. వాన వెలిసిన గాలి చొక్కాలో దూరి వెనుక బుడగవలె ఉబ్బెను. ద్రాక్షతోటలనుండి తడిమట్టి వాసన వచ్చుచుండెను. నడచునప్పుడు ఎంతకును తరుగని దారి, బస్సులో చూచునంతలో జారిపోవు దారి, సైకిలుమీద సరిగా మనిషికి తగినంత వేగముతో కదలుట నేను మొదటిసారి ఎఱిగితిని. ఎల్.బి. నగరు కూడలి చేరి, టీ పాక ముందు దిగి, చేతిలో పైస లేదు గనుక కుండలోని నీరు త్రాగి, లోకమును జయించినవానివలె నలుదెసలు చూచితిని.

తిరుగు ప్రయాణములో వెనుకనుండి ఒక లారీ హారను మ్రోగగా బెదిరి, రోడ్డు దిగి, మోరీ రాతికి కొట్టుకొని పడితిని. నాకు దెబ్బలు స్వల్పము. ముందు చక్రము మాత్రము ఎనిమిది అంకెవలె మెలిదిరిగెను. దాని ముందుభాగమును పైకెత్తి, వెనుక చక్రముమీద నెట్టుకొనుచు, ఏడ్చుచు ఇల్లు చేరితిని. నాయన వాకిట నిలుచుండెను. సైకిలును చూచెను, నన్ను చూచెను. ఏమియు అనలేదు. మఱునాడు ఉదయము గంట ముందుగా లేచి, టిఫిను డబ్బా చంకను పెట్టుకొని, నడచి పోయెను. మూడు దినములట్లు పోయెను. ఆ మూడు దినములు నాకు అన్నము దిగలేదు.

నాలుగవనాడు చాచా చక్రమును సరిచేసి ఇచ్చెను. నాయన నన్ను పిలిచి, ఒక పాతగుడ్డయు, నూనెడబ్బాయు చేతికిచ్చి, గొలుసు ఎట్లు తుడువవలెనో, ఇరుసులలో నూనె ఎన్ని చుక్కలు వేయవలెనో చూపెను. ప్రతి ఆదివారము ఆ పని నాది. పని ముగిసిన పిమ్మట ఒక గంట సైకిలు నాది. నేను పడినందులకు శిక్ష లేదు. పని దొరికినది, దానితో పాటు హక్కును దొరికినది. ఇంతకన్న మంచి తండ్రి ఎవరికిని ఉండడని ఆనాడు నేను అనుకొంటిని.

ఇంతవఱకు చెప్పినది చెప్పుట సులువు. ఇకమీదిది ఇన్నేండ్లు నేను ఎవరికిని చెప్పలేదు.

తరువాతి ఆదివారము నేను సైకిలు తుడుచుచుండగా అక్క వచ్చి ప్రక్కన కూర్చుండెను. “రేపు పొద్దుగాల నువ్వు పట్టుకో తమ్మీ, నేను ఎక్కుత” అని మెల్లగా అడిగెను. అమ్మ వంటయింటిలోనుండి విని, ఆడపిల్ల పడి చెయ్యి విఱుగగొట్టుకొన్నచో దాని పెండ్లి ఎవరు చేయుదురని అడిగెను. అక్క నాయనవైపు చూచెను. నాయన ఏమియు అనలేదు. నన్ను మన్నించిన ఆ మౌనమే ఆమెను నిలిపివేసినది. నేనైనను పట్టుకొందునని చెప్పవలసినది. నేను చెప్పినది “రేపు” అని. ఆ రేపు మఱునాడును రాలేదు; మఱుసటి ఏడును రాలేదు. ఆమె మఱి రెండు మూడు మాఱులు అడిగెను. ప్రతిమాఱును నేను రేపనియే చెప్పితిని. నా కోసము డెబ్బది రెండడుగులు కొలిచిన మనిషికి పది అడుగులు పరుగెత్తుటకు నాకు తీరిక లేకపోయినది. స్నేహితులు నవ్వుదురను సిగ్గు కూడ ఉండెనని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాను.

1982 లో ఆమెకు పెండ్లియై సూర్యాపేటకు పోయెను. ఆమె ఎక్కిన బస్సు దిల్‌సుఖ్‌నగరునుండి అదే రోడ్డుమీద బయలుదేరినది. నేను నాయన సైకిలెక్కి ఆ బస్సు వెంట ఎల్.బి. నగరు వఱకు త్రొక్కితిని. ఆమె కిటికీలోనుండి చూచి, వెనుకకు పొమ్మని చేయి ఊపుచుండెను. కూడలి దాటిన పిమ్మట బస్సు అందలేదు.

ఆ తరువాత పదియేండ్లకు పత్రికలలో ఒక సంగతి చదివితిని. తమిళదేశమునందలి పుదుక్కోట్ట జిల్లాలో 1991 ప్రాంతమున అక్షరాస్యతా ఉద్యమముతో పాటు స్త్రీలకు సైకిలు నేర్పు ఉద్యమము సాగినది. కూలి స్త్రీలు, దాదులు, ఉపాధ్యాయినులు వేలకొలదిగా ఊరి మైదానములలో పడి లేచి నేర్చిరి. నీళ్ళబిందెలను, బిడ్డలను సైకిళ్ళపై తీసికొనిపోజొచ్చిరి. 2006 లో బీహారు ప్రభుత్వము ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్ళ పథకమును పెట్టెను. బడిలో బాలికల సంఖ్య దానివలన పెరిగినదని పరిశీలించినవారు చెప్పిరి. ఇట్టివి చదివినప్పుడెల్ల నాకు కలుగు సంతోషములో ఒక ముల్లు ఉండును. లెక్కలలో మా వీధికి మేటియైన బాలిక పదవ తరగతితో చదువు మానినది. బడి దూరమని మానిపించిరి. సైకిలు వచ్చియున్నచో ఏమగునో నేను చెప్పజాలను. రాకపోవుటలో నా పాలు ఎంతయో మాత్రము చెప్పగలను.

శ్రోతలారా, ఇప్పుడు ఆ ఖాళీ నేల సంగతికి వత్తును. ఎల్.బి. నగరు 2007 లో మహానగర పాలక సంస్థలో కలిసినది. 2018 సెప్టెంబరు 24 వ తేదీన అమీర్‌పేటనుండి ఎల్.బి. నగరు వఱకు మెట్రో రైలు నడువనారంభించినది. నేను గంట చెమటోడ్చిన దారి ఇప్పుడు కొన్ని నిమిషముల పని. ద్రాక్షతోటలు పోయి ఇండ్లు వచ్చినవి. తోటలు పోయిన పిమ్మట కొత్తపేటకు పండ్ల బజారు వచ్చినది. అదియు బాటసింగారమునకు తరలిపోయినది. చాచా కొట్టమున్న చోట నాలుగంతస్తుల మేడ ఉన్నది. ఇవి కష్టములని నేను అనను. ఆ మెట్రోలో నేనును ఎక్కుచున్నాను, సుఖముగనే ఉన్నది. సైకిలునకు గౌరవమును తగ్గలేదు. ఐక్యరాజ్యసమితి 2018 లో జూను 3 వ తేదీని ప్రపంచ సైకిలు దినముగా ప్రకటించినది. 2020 లో సరిగా ఆ దినముననే, 1951 నుండి సైకిళ్ళు చేయుచు వచ్చిన అట్లాసు కంపెనీవారి సాహిబాబాదు కర్మాగారము మూతపడుట విధి వైపరీత్యము. మన నగరమునకు పడమటి అంచున, బాహ్యవలయ రహదారి ప్రక్కన, 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిలు బాటను తెఱచిరి. దానిపైన సూర్యరశ్మినుండి విద్యుత్తు తీయు పలకల కప్పు ఉన్నది. చక్కని బాట. కాని అది నేర్చినవారి బాట. నేర్చువానికి కావలసినది బాట కాదు, పడుటకు చోటు. పడినచో మీదికి బండి రాని చోటు, పడినచో తిట్టువారు లేని చోటు. ఆ చోటు మాకు అయాచితముగా దొరికినది. అట్లు దొరికిన దినములలో కూడ అది మగపిల్లలకే దొరికినది. మా అక్కకు నేల ఉన్నది, సైకిలు ఉన్నది. పడుటకు అనుమతి మాత్రము లేదు.

గడచిన వేసవిలో అక్క తన కూతురి కూతురిని వెంటబెట్టుకొని ఎల్.బి. నగరులోని మా ఇంటికి వచ్చినది. పాపకు తొమ్మిదేండ్లు. దాని సైకిలునకు ప్రక్కచక్రములు ఊడదీసితిమి. నేర్పుటకు చోటు వెదకితిని. వీధి పొడవున ఇరువైపుల కార్లు. ఉదయము అయిదున్నరకు, పాలబండి వచ్చి పోయిన పిమ్మట, రెండు కార్ల నడుమ నలువది అడుగుల మేర ఖాళీ కనబడెను. అంతే మా మైదానము.

పాప నన్ను అడిగెను. “తాతా, నీకు సైకిలు ఎవరు నేర్పిన్రు?”

“మీ అమ్మమ్మ.”

“మఱి అమ్మమ్మకు ఎవరు నేర్పిన్రు?”

నేను నేలచూపు చూచితిని. “నేను నేర్పవలసింది బిడ్డా. నేర్పలేదు” అంటిని. అక్కవైపు చూచుటకు ధైర్యము చాలలేదు. ఆమె కొంతసేపు మాటాడలేదు.

“ఇప్పుడు యాదికొచ్చిందా తమ్మీ?” అని నవ్వినది. ఆ నవ్వులో కోపము లేదు. లేకపోవుటయే నాకు బరువైనది. ఒక్కసారి ఎక్కి చూడుమని నేను అంటిని. ఈ మోకాళ్ళతోనా యని ఆమె చేయి విదిలించి, చెఱగు బిగించి, నన్ను ప్రక్కకు జరిపి, పాప సైకిలు సీటును వెనుకనుండి పట్టుకొనెను. పరుగెత్తలేదు, వేగముగా నడచెను. పాప విడువవద్దని అరచుచున్నది. “పట్టుకునే ఉన్న బిడ్డా, ముందుకు చూడు” అని ఈమె చెప్పుచున్నది. పది అడుగుల పిమ్మట చేయి విడిచినది. పాప నలువది అడుగులును పోయి, కారు దగ్గఱ బెదిరి పడినది. మోకాలు గీచుకొన్నది. ఏడ్వవలెనో వద్దో తేల్చుకొనలేక మా వంక చూచినది.

“లే, ఇంకోసారి” అని అక్క అన్నది. పాప లేచినది.

మీ ఇంటిలో ఎవరైనను సైకిలు నేర్పుమని అడిగినచో, అది కొడుకైనను కూతురైనను, చెల్లెలైనను భార్యయైనను, రేపని చెప్పకుడు. ఆ మాట ఎంత పొడవైనదో నేనెఱుగుదును. మీ వీధిలో నలువది అడుగుల చోటు ఉన్నచో, ఉదయమున ఒక గంటసేపు మీ బండిని ప్రక్కకు తీయుడు. పిల్లలు పడుదురు. పడనిండు. వెనుక ఒక మనిషి నిలుచుండినచో చాలును.